ఫోటో ఫ్రీగనే దొరుకుతున్నది, దాన్ని చదివే చదువు సంగతేంది?

మీ చేను ఫోటోను ఐదొద్దులకోసారి పైనుంచి ఒకలు తీస్తున్నరు. మీకు చెప్పలే, మిమ్మల్ని అడగలే. డ్రోన్ కాదు, సెంటినెల్-2 అనే ఐరోపా ఉపగ్రహాలు. భూమికి 786 కిలోమీటర్ల ఎత్తుల తిరుగుతుంటయి. వాటి ఫోటోల ఒక్కో చుక్క నేల మీద 10 మీటర్ల పొడుగు, 10 మీటర్ల వెడల్పు. అంటే 100 చదరపు మీటర్లు. మన గుంట ఎంత? 101 చదరపు మీటర్లు. అంటే ఉపగ్రహం మీ భూమిని దాదాపు గుంట గుంట లెక్కన చూస్తున్నదన్నట్టు. ఎకరానికి 40 చుక్కలు. పట్వారి గొలుసు ఏసి కొలిచిన లెక్కకు, ఆకాశంలున్న కెమెరా లెక్కకు గింత దగ్గర సంబంధం ఉంటదని నేను మొదటిసారి చూసినప్పుడు మస్తు సంబురమైంది.

ఈ ఫోటోలు ఎవరైనా చూడొచ్చు. పైసా కట్టేది లేదు. కోపర్నికస్ బ్రౌజర్ అని కొట్టి, మీ ఊరు దగ్గరికి జరుపుకుంటే పోయిన వానాకాలం, అంతకు ముందటి యాసంగి, 2016ల చెరువు ఎండిన ఏడాది, అన్నీ వరుసగ దొరుకుతయి. ఫోన్‌ల కూడా తెరుచుకుంటది, కాకపోతే కంప్యూటర్ ఉంటే సుకూన్.

అయితే ఫోటో దొరికినంత మాత్రాన సంగతి తెలువదు. ఎక్స్‌రే చేతిల పెడితే మనకేం అర్థమైతది? డాక్టర్ చదువు ఉండాలె. ఇక్కడ కూడా అంతే. బతికున్న పచ్చటి ఆకు సూర్యుడి ఎలుగుల ఎర్ర రంగును మింగుతది, కంటికి కనబడని పరారుణ కిరణాన్ని వెనక్కి కొడ్తది. ఆకు ఎండినకొద్దీ ఈ రెండింటి తేడా తగ్గుతది. పరారుణంలకెళ్లి ఎరుపు తీసేసి, రెండింటి మొత్తంతోని భాగిస్తే వచ్చేదాన్ని ఎన్‌డీవీఐ అంటరు. పంట ఎంత పచ్చగ ఉన్నదో చెప్పే అంకె అది. నీళ్లకు కూడా అసొంటిదే ఒకటున్నది, ఎన్‌డీడబ్ల్యూఐ. ఆకుపచ్చకు, పరారుణానికి మధ్య తేడా చూస్తది. మెక్‌ఫీటర్స్ అనే ఆయన 1996ల ఒక పరిశోధన పత్రికల రాసిండు. ఇయ్యాల చెరువుల నీళ్లెన్ని ఎకరాలల్ల ఉన్నయో కొలిచేటోళ్లందరూ ఆ వ్యాసం నీడలనే పని చేస్తున్నరు.

నేను చెప్పాలనుకున్న ముచ్చట ఇగో ఇక్కడ మొదలైతది. ఫోటో ఫ్రీ అయింది. దాన్ని చదివే తీరు రాసిన వ్యాసాలు మాత్రం చాన ఏండ్లు తాళం పెట్టిన అర్రలనే ఉన్నయి. ఇప్పటికీ సగం తలుపే తెరుచుకున్నది.

నేను జియో ఇన్ఫర్మాటిక్స్‌ల పీజీ చేసిన. మా తాలూకాల చెరువుల నీటి విస్తీర్ణం ఇరవై ఏండ్లల్ల ఎట్ల మారిందో చూసుడు నా ప్రాజెక్టు. కావల్సిన వ్యాసాల పేర్లన్నీ గూగుల్ స్కాలర్‌ల దొరికినయి. నొక్కితే మాత్రం పది లైన్ల సారాంశం చూపెట్టి, మిగతాదానికి ముప్పై నలభై డాలర్లు కట్టమన్నది. ఒక్క వ్యాసానికి! గట్ల ఇరవై వ్యాసాలు కావాలె. మా కాలేజీకి చందా లేదు. ఆ పైసలు పెడితే నా హాస్టల్ మెస్సు బిల్లు ఎన్ని నెలలకు సరిపోతుండెనో లెక్కేసుకొని ఊకున్న.

ఫార్ములా ఎట్లైనా దొరుకుతది. యూట్యూబ్‌ల ఎవలో ఒకలు చెప్తరు. దొరకనిది ఏందంటే, ఆ ఫార్ములా ఎక్కడ పని చెయ్యదో చెప్పే భాగం. చెరువుల గుర్రపు డెక్క పరుచుకుంటే ఉపగ్రహానికి నీళ్లు కనబడయి, ఆకు కనబడతది. నిండిన చెరువు కూడా లెక్కల ఎండినట్టే వస్తది. ఊరి పక్కన రేకుల షెడ్లు, సీసీ రోడ్లు ఉంటే కొన్నిసార్లు అవి నీళ్లలెక్క వస్తయి. ఇసొంటి జాగ్రత్తలన్నీ వ్యాసం లోపట నాలుగో పేజీల, ఐదో పేజీల ఉంటయి. సారాంశంల ఉండయి. తాళం పడేది సరిగ్గ ఆ పేజీలకే.

అసలు ఈ పత్రికల యాపారం ఎట్ల నడుస్తదో జర చూడుండ్రి. పరిశోధన చేసేటాయనకు జీతం సర్కారు ఇస్తది, అంటే మన పన్ను. వ్యాసం రాసినందుకు పత్రిక ఆయనకు రూపాయి ఇయ్యదు. అది సరిగ్గున్నదా లేదా అని పరీక్షించే తోటి శాస్త్రవేత్తలకు కూడా మామూలుగ ఏం ఇయ్యరు. అచ్చేసినంక ఆ వ్యాసాన్నే తిరిగి యూనివర్సిటీలకు చందా కింద అమ్ముతరు. పాలు మనయి, కుండ మనది, తోడు మనది, పెరుగు మాత్రం కొనుక్కోవాలె. దీని మీద శాస్త్రవేత్తలకే కోపమొచ్చి బుడాపెస్ట్‌ల కూసొని మాట్లాడుకొని, 2002ల ఒక ప్రకటన చేసిన్రు. పరిశోధన వ్యాసం ఇంటర్నెట్‌ల ఎవరైనా ఉత్తగనే చదువుకునేటట్టు ఉండాలె అన్నది దాని సారం. ఓపెన్ యాక్సెస్ అనే మాట అప్పటినుంచే అందరి నోట్ల పడ్డది.

ఫోటోల కథ కూడా ఒకప్పుడు గిట్లనే ఉండె. అమెరికావాళ్ల ల్యాండ్‌శాట్ మొదటి ఉపగ్రహం 1972 జులైల పోయింది. మన షాద్‌నగర్ కేంద్రం 1979 నుంచే ల్యాండ్‌శాట్ సిగ్నల్ పట్టుకున్నది. బెంగళూరు రోడ్డు మీద పోయేటోళ్లకు ఎరుకైన ఊరు, అక్కడ అంత పాత కథ ఉన్నదని చానమందికి తెల్వదు. ల్యాండ్‌శాట్‌ను 1980లల్ల ప్రైవేటు కంపెనీకి అప్పజెప్పిన్రు. ఒక్క ఫోటో ధర నాలుగు వేల డాలర్లు దాటింది. తర్వాత మళ్ల సర్కారు చేతికొచ్చి ఆరు వందల డాలర్లకు దిగింది. అయినా కొనేటోళ్లు తక్కువనే. రోజుకు 53 ఫోటోల లెక్కన అమ్ముడుపోయేటియి. 2008ల మొత్తం పాత ఫోటోలతో సహా ఉచితం అన్నరు. అంతే, రోజుకు వేల లెక్కన దించుకునుడు మొదలైంది. 2013ల మేరీల్యాండ్ యూనివర్సిటీ పరిశోధకులు 6,54,178 ల్యాండ్‌శాట్ ఫోటోలు కలిపి, ప్రపంచంల అడవి ఎక్కడ పోయింది, ఎక్కడ పెరిగింది అని పటం గీసిన్రు. ఫోటోకు ఆరు వందల డాలర్లు ఉంటే ఆ పటానికి పెట్టుబడి ఎంతయ్యేదో మీరే లెక్క కట్టుకోండ్రి. పైసలు తీసేసుడుతోని లాభమైంది చదువుకే. మనదేశం కూడా 2023 అంతరిక్ష విధానంల 5 మీటర్లు, అంతకంటే మోటు స్పష్టత ఉన్న ఫోటోలు ఉచితంగ ఇయ్యాలె అని రాసుకున్నది. ఇస్రో భువన్ పోర్టల్ 2009 నుంచే ఉన్నది.

ఫోటోలు తెరుచుకున్నంక వ్యాసాలు తెరుచుకోనీకె ఇంకో పది పన్నెండేండ్లు పట్టింది. ఈ రంగంల పాత పెద్ద పత్రిక ‘రిమోట్ సెన్సింగ్ ఆఫ్ ఎన్విరాన్‌మెంట్’, 1969ల పుట్టింది. అది చానకాలం చందా పత్రికనే. 2009ల స్విట్జర్లాండ్ కంపెనీ ఒకటి ‘రిమోట్ సెన్సింగ్’ అనే పత్రికను మొదటినుంచే అందరికీ తెరిచిపెట్టి నడిపింది. నాకు ముఖ్యమనిపించే మలుపు మాత్రం 2020. ఐఈఈఈ అనే ఇంజినీర్ల సంఘం 2008 నుంచి నడుపుతున్న జేస్టార్స్ పత్రికను ఆ ఏడాది పూర్తిగ ఓపెన్ యాక్సెస్ చేసింది. దాని పేరుల ‘అప్లైడ్’ అనే మాటున్నది చూసిన్రా, అదే మనకు కావల్సింది. సిద్ధాంతం కాదు, పనికొచ్చే సంగతి. వరి ఎన్ని ఎకరాలల్ల నాటిన్రు, వరద ఏ వాడలకు వచ్చింది, కరువు ఏ మండలంల ముందు మొదలైంది, ఇసొంటియి. ఒక పేరున్న సంఘం, చందా పైసలు వచ్చే పత్రికను, ఇగ చాలు అని తెరుచుడు చిన్న సంగతి కాదు.

అయితే ఉత్తగ వచ్చేది ఏదీ ఉత్తగ రాదు. చదివేటోని జేబుల నుంచి తీసిన ఖర్చును రాసేటోని జేబుల పెట్టిన్రు. దాన్ని ఏపీసీ అంటరు, వ్యాసం అచ్చు ఖర్చు. నేను పైన చెప్పిన స్విట్జర్లాండ్ పత్రికల ఒక్క వ్యాసానికి 2,700 స్విస్ ఫ్రాంకులు. మన పైసలల్ల రెండున్నర లక్షలకు పైనే. కొన్ని పెద్ద పత్రికలల్ల అంతకంటే ఎక్కువ. మా పక్క జిల్లా డిగ్రీ కాలేజీల పాఠం చెప్పే గెస్ట్ లెక్చరర్ గా పైసలు ఏడాది మొత్తం సంపాదించడు. పేద దేశాలవాళ్లకు మాఫీ అంటరు గని, ఆ జాబితాలల్ల మామూలుగ ఇండియా పేరు ఉండదు. అంటే ఏమైంది? ఇదివరకు మనం చదువుకోలేకపోతుంటిమి, రాయగలుగుతుంటిమి. ఇప్పుడు చదువుకోవచ్చు, రాసుడు కష్టం. మన చెరువు గురించి జర్మనీల ఉన్నాయన రాస్తడు, మనం చదువుతం. నాకు ఇది పూర్తి న్యాయమనిపియ్యదు. అయినా రెండిట్ల ఒకటి ఏరుకోమంటే తెరిచిన తలుపునే ఏరుకుంట. చదివినోడు ఏదో ఒకరోజు రాస్తడు.

రెండు వైపులా పైసలు అడగని పత్రికలు కూడా ఉన్నయి. ఇండియన్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ వాళ్ల సైట్‌ల ‘జర్నల్ ఆఫ్ ఎర్త్ సిస్టమ్ సైన్స్’ వ్యాసాలు ఉత్తగనే చదువుకోవచ్చు. అదే సమయంల డెహ్రాడూన్‌ల ఉండే ఇండియన్ సొసైటీ ఆఫ్ రిమోట్ సెన్సింగ్ పత్రిక, ఒకప్పుడు ఫోటోనిర్వాచక్ అని అందమైన పేరున్నది, దాన్ని ఇప్పుడు స్ప్రింగర్ కంపెనీ అచ్చేస్తది. అందులో చాన వ్యాసాలు చందా ఉంటేనే తెరుచుకుంటయి. మన నేల మీద మనోళ్లు రాసినయి!

తెరిచిపెడితే చెత్త కూడా వస్తది కదా అని ఒక మాట వినబడతది. వస్తది, అబద్ధమెందుకు. 2011ల ఆ స్విస్ పత్రికల వాతావరణ మార్పు మీద ఒక వ్యాసం వచ్చింది. తప్పుల తడకగ ఉన్నదని శాస్త్రవేత్తలు లేచిన్రు. ఆ పత్రిక ముఖ్య సంపాదకుడు వుల్ఫ్‌గాంగ్ వాగ్నర్ ఆ సెప్టెంబర్‌ల బాధ్యత తీసుకొని రాజీనామా చేసిండు. అది అచ్చు కావొద్దుండె అని బహిరంగంగ రాసిండు. నేను దీన్ని రెండు తీర్ల చూస్త. పరీక్షించే పద్ధతి అక్కడ గాడి తప్పింది, నిజమే. కాని ఎవరైనా తెరిచి చదవగలిగే జాగల ఉన్నది కాబట్టి నెల రెండు నెలలల్లనే కొట్లాట బజాట్ల పడ్డది. తాళం ఏసిన అర్రల ఎన్ని తప్పులు పడుకొని ఉన్నయో ఎవలకు తెల్సు? ‘మీ పేపర్ పంపుండ్రి, మూడొద్దులల్ల అచ్చేస్తం, పదిహేను వందలు పంపుండ్రి’ అని వాట్సాప్‌ల వచ్చే పత్రికల సంగతి వేరు. వాటిని ఓపెన్ యాక్సెస్ అనొద్దు, దుక్నం అనాలె. అనుమానమొస్తే డీవోఏజే అనే జాబితాల ఆ పత్రిక పేరు ఉన్నదా చూసుకోండ్రి.

ఇవన్నీ పీహెచ్‌డీ చేసేటోళ్ల బాధలు, మనకెందుకు అనుకునేటోళ్ల కోసం పంట బీమా సంగతి చెప్త. ప్రధానమంత్రి ఫసల్ బీమాల యెస్-టెక్ అని ఒక పద్ధతి 2023 వానాకాలం నుంచి వచ్చింది. ఇదివరకు ఊర్లె కొన్ని మళ్లు ఏరి, కోసి, తూకం ఏసి దిగుబడి లెక్కగట్టేటోళ్లు. పంట కోత ప్రయోగం అంటరు దాన్ని. ఇప్పుడు వరికి, గోధుమకు ఆ లెక్కల కనీసం 30 శాతం ఉపగ్రహాల సాయంతోని వేసిన అంచనా కలుపుతరు. తెలంగాణ 2020ల ఆ పథకం నుంచి బయటికొచ్చింది, ఆంధ్రప్రదేశ్ కూడా వదిలేసి 2022ల మళ్ల చేరింది. రాష్ట్రం ఏదైనా, లెక్క తీరు తెలిసి ఉండాలె.

ఒక ఊహా లెక్క ఏద్దాం. మీ ఊరికి హామీ దిగుబడి ఎకరానికి 20 క్వింటాళ్లు అనుకోండ్రి. కోసి తూచినోళ్లకు 18 వచ్చింది. ఉపగ్రహం లెక్క 22 అన్నది. 70 శాతం, 30 శాతం కలిపితే 19.2. ఎకరానికి బీమా మొత్తం 40 వేలు. కోత లెక్క ఒక్కటే తీసుకుంటే తక్కువ పడ్డది పదో వంతు, రైతుకు 4,000 వస్తయి. కలిపిన లెక్కతోని తక్కువ పడ్డది 4 శాతమే, 1,600 వస్తయి. ఎకరానికి 2,400 తేడా. తిరగేసి కూడా జరగొచ్చు, ఉపగ్రహం తక్కువ చూపెట్టి రైతుకే ఎక్కువ రావొచ్చు. ఉపగ్రహం శత్రువని నేను అంటలేను. కోత ప్రయోగాలల్ల ఎవల ఒత్తిడి ఎట్లుంటదో ఊర్లల్ల అందరికీ ఎరుకే. నేననేది ఒక్కటే, ఆ 22 ఎక్కడికెళ్లి వచ్చిందని అడిగే తెలివి మనకుండాలె.

ఎక్కడికెళ్లి వస్తది? ఒక పద్ధతి ఇట్లుంటది. పొలం మీద ఎంత ఎండ పడ్డది, అందులో ఎంత భాగాన్ని ఆకు పట్టుకున్నది, అని ఉపగ్రహం చెప్తది. పట్టుకున్న ఎండల ఎంత గడ్డీగింజా అయితది అనేదానికి ఒక అంకె. మొత్తం మోపుల గింజ ఎంత భాగం అనేదానికి ఇంకో అంకె. ఈ రెండు అంకెలు ఆకాశంకెళ్లి రావు. ఎవలో ఎక్కడో పొలంల నిలబడి కొలిచి, వ్యాసం రాస్తే అందులోకెళ్లి వస్తయి. ఏ వంగడం మీద కొలిచిన్రు? సన్నం మీదనా, దొడ్డు మీదనా? కాలువ కింద మాగాణిలనా, బోరు కింద ఎర్రనేలలనా? ఈ సంగతి తెలిస్తే లెక్క మీద మాట్లాడొచ్చు. యెస్-టెక్ మార్గదర్శిక పుస్తకం బయట పెట్టిన్రు, మంచిపని. ఆ పుస్తకానికి ఆధారమైన వ్యాసాలు చదవనీకె పైసలు కట్టాలంటే మాత్రం, తూకం ఏసేటోడు రాళ్ల మీద గుడ్డ కప్పి తూచినట్టే ఉంటది.

సర్కారు ఒక పని చేసింది. ‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’ అని 2024 నవంబర్‌ల కేంద్ర క్యాబినెట్ ఒప్పుకున్నది. 2025 నుంచి మూడేండ్లకు 6,000 కోట్లు. 30 ప్రచురణ కంపెనీల పదమూడు వేల దాకా పత్రికలు, ఆరు వేల పైచిలుకు సర్కారు విద్యాసంస్థలకు. మీరు సర్కారు డిగ్రీ కాలేజీల, యూనివర్సిటీల చదువుతుంటే లైబ్రరీల అడుగుండ్రి, మీకు హక్కున్నది. ప్రైవేటు కాలేజీ పిల్లగాండ్లకు లేదు. చదువైపోయి ఊర్లె ఉన్నోళ్లకు లేదు. రైతుకు లేదు. ఆరు వేల కోట్లు పెట్టి తాళంచెవి కిరాయికి తెచ్చుకున్నం, తలుపు మాత్రం కంపెనీదే. 2027 తర్వాత కిరాయి ఎంతంటరో చూడాలె.

అందాక ఏం చెయ్యాలె? దొడ్డిదారులు ఏం అక్కర్లే, రాజమార్గాలే చాన ఉన్నయి. గూగుల్ స్కాలర్‌ల వ్యాసం పేరు పక్కన కుడిదిక్కు పీడీఎఫ్ అని ఉంటే అది ఉత్తదే. అన్‌పేవాల్ అనేదాన్ని బ్రౌజర్‌కు తగిలించుకుంటే న్యాయంగ ఉచితంగ దొరికే నకలు ఎక్కడున్నదో అదే చూపెడ్తది. పటాన్‌చెరుల ఉన్న ఇక్రిశాట్ తన పరిశోధన వ్యాసాలకు సొంత భాండారం పెట్టుకున్నది. మన మెట్ట పంటల మీద, కరువు మీద అందులో మస్తు సరుకున్నది. శోధ్‌గంగల మన యూనివర్సిటీల పీహెచ్‌డీ గ్రంథాలున్నయి. మీ జిల్లా పేరు కొట్టి చూడుండ్రి, మీ వాగు మీద ఎవలో నాలుగేండ్లు తిరిగి రాసిన పుస్తకం దొరకొచ్చు. ఏదీ దొరకకపోతే వ్యాసం మొదటి పేజీల రాసినాయన మెయిల్ ఉంటది. రెండు లైన్లు మర్యాదగ రాస్తే చానమంది పంపిస్తరు. నాకు ముగ్గురు పంపిన్రు. ఒకాయన ‘మీ ఊర్లె ఇంకా బావులున్నయా’ అని తిరిగి అడిగిండు కూడా.

ఇంకొక్క సంగతి, దీన్ని మాత్రం యాది పెట్టుకోండ్రి. ఓపెన్ యాక్సెస్ వ్యాసం మొదటి పేజీల కింద చిన్న అక్షరాలల్ల లైసెన్స్ ఉంటది. సీసీ బై అని ఉంటే, రాసినోళ్ల పేరు చెప్పి మీరు దాన్ని తెలుగు చేసుకోవచ్చు, వీడియో చేసుకోవచ్చు, బొమ్మలు వాడుకోవచ్చు. ఎవల్నీ అడిగే పని లేదు. ఎన్‌డీ అని చివర ఉంటే ఉన్నదున్నట్టు పంచొచ్చు గని, మార్చి పంచొద్దు, తర్జుమా కూడా మార్పు కిందికే వస్తది. ఫ్రీ అనే మాట కంటే ఈ మొదటి రకం లైసెన్స్ మనకు ఎక్కువ పనికొస్తది. ఇంగ్లీష్‌ల ఉన్న ఫ్రీ వ్యాసం మా ఊర్లె ఎంతమందికి ఫ్రీ?

మేం నలుగురం కలిసి ఇప్పుడు ఆ పనిలనే ఉన్నం. చెరువుల నీళ్లు కొలిచే వ్యాసం ఒకటి అయిపోయింది. ఇప్పుడు రాడార్‌ది నడుస్తున్నది. వానాకాలం మబ్బులల్ల మామూలు కెమెరా పని చెయ్యదు, రాడార్ తరంగం మబ్బును దాటుకొని వస్తది. నాటుకు ముందు మడిల నీళ్లు నిలబడి ఉంటే ఆ తరంగం అద్దం మీద పడ్డట్టు పక్కకు జారిపోతది, ఉపగ్రహానికి తిరిగి రాదు, అందుకని మడి నల్లగ కనబడతది. నాటు పెరిగినకొద్దీ తెల్లబడతది. ఆ తిరిగొచ్చేదాన్ని ఇంగ్లీష్‌ల బ్యాక్‌స్కాటర్ అంటరు. తెలుగుల ఏమనాలె? వారం రోజులు కొట్లాడినం. ‘పరిక్షేపణం’ అని ఒకలన్నరు, నోరు తిరగలే. మా మేనమామకు బొమ్మ చూపెట్టి చెప్తే, ‘పోయింది తిరిగొచ్చుడే కదా అల్లుడా, వాపసు అని రాయి’ అన్నడు. గట్లనే రాసినం. వీవీ, వీహెచ్ అని రెండు తీర్ల వాపసులున్నయి, వాటికి మాత్రం ఇంకా పేర్లు కుదరలే.